ప్లెయిన్‌సాంగ్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి: ఆల్బమా, రేడియో సెషన్లా?

ఈగల్స్ బ్యాండ్ దగ్గర మొదలై, అంతకు ముందటి బర్డ్స్ మీదుగా వెనక్కి వెళ్లి, కంట్రీ రాక్‌లో (అమెరికన్ పల్లె పాటల బాణీ కలిసిన రాక్‌లో) ఇంకా ఏమేం ఉన్నాయో వెతుక్కుంటూ పోయేవాళ్లకి ఏదో ఒక రోజు ప్లెయిన్‌సాంగ్ అనే పేరు తగులుతుంది. ఇది ఇంగ్లండ్ బ్యాండ్. 1972 మొదట్లో పుట్టింది, ఆ ఏడాది దాటేసరికి విడిపోయింది. ఆ కొద్ది నెలల్లో ఒక ఆల్బమ్ బయటికొచ్చింది. రెండోది రికార్డు చేశాక ఆగిపోయింది. ఇవి కాక బీబీసీ రేడియో కోసం పాడినవి ఉన్నాయి. ఈ మూడింట్లో ముందు ఏది వినాలి, డబ్బు పెట్టి కొనాలంటే ఏది కొనాలి అన్నదే ఇక్కడ విషయం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గొంతులు కలిసే తీరు కోసం వినేవాళ్లు రేడియో సెషన్లతో మొదలుపెట్టడం మంచిది. పాటల వరస, వాటి వెనక ఉన్న కథ ముఖ్యమనుకునేవాళ్లు ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి. రెండో ఆల్బమ్ మాత్రం ఎవరికైనా చివరికే. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ మనుషుల గురించి కొంచెం తెలియాలి.

ఎవరు వీళ్లు

ఇయన్ మాథ్యూస్ 1946లో లింకన్‌షైర్‌లో పుట్టాడు, స్కన్‌థార్ప్ అనే ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్లో పెరిగాడు. కుర్రతనంలో బ్రాడ్‌ఫర్డ్ పార్క్ ఎవెన్యూ క్లబ్బులో ఫుట్‌బాల్ శిక్షణకి కూడా చేరాడు. 1967 నుంచి 1969 దాకా ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే బ్యాండ్‌లో పాడాడు. ఆ బ్యాండ్ ఇంగ్లండ్ జానపదాల వైపు మళ్లుతుంటే ఇతని మనసు అమెరికన్ పాటల మీద ఉంది. బయటికొచ్చి మాథ్యూస్ సదర్న్ కంఫర్ట్ అనే బ్యాండ్ పెట్టాడు.

ఇక్కడ రేడియో గురించి ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1970 జూన్‌లో ఈ బ్యాండ్‌కి బీబీసీలో పాడే అవకాశం వచ్చింది. నాలుగు పాటలు కావాలి. ఒకటి తక్కువ పడింది. మాథ్యూస్ అప్పుడే గాయని జోనీ మిచెల్ కొత్త ఆల్బమ్ కొనుక్కుని ఉన్నాడు. అందులోని ‘వుడ్‌స్టాక్’ పాటని తమ పద్ధతిలోకి మార్చుకుని పాడేశారు. విన్నవాళ్ల దగ్గర నుంచి వచ్చిన స్పందన చూసి దాన్ని స్టూడియోలో రికార్డు చేసి సింగిల్‌గా, అంటే ఆల్బమ్‌తో పని లేని విడి పాట రికార్డుగా, వదిలారు. అక్టోబర్ నెలాఖరుకి బ్రిటన్ చార్టులో నంబర్ వన్ అయింది, మూడు వారాలు అక్కడే ఉంది. రేడియో సెషన్‌లో ఖాళీ నింపడానికి పాడిన పాట అది. అందుకే ఈ మనిషి విషయంలో రేడియో రికార్డింగులని ‘ఆల్బమ్ తర్వాత మిగిలిన తునకలు’ అనుకుంటే పొరపాటు పడతాం.

ఆ విజయం వచ్చిన కొన్నాళ్లకే మాథ్యూస్ ఆ బ్యాండ్ నుంచి తప్పుకున్నాడు. కొంతకాలం సొంత పేరుతో పాడాక, లివర్‌పూల్ సీన్ బృందంలో గిటార్ వాయించిన ఆండీ రాబర్ట్స్‌తో కలిసి ప్లెయిన్‌సాంగ్ మొదలుపెట్టాడు. డేవ్ రిచర్డ్స్, బాబ్ రొంగా అని ఇంకో ఇద్దరు చేరారు. రొంగా అమెరికన్. ఇద్దరూ గిటారూ బేసూ రెండూ వాయించగలరు. బ్యాండ్‌లో డ్రమ్మర్ లేడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎంపికకి ఇదే ముఖ్యం.

పేరు గురించి ఒక మాట. ప్లెయిన్‌సాంగ్ అంటే మధ్యయుగాల చర్చిల్లో వాద్యాలు లేకుండా అందరూ ఒకే వరసలో పాడే ప్రార్థన గానం. ఈ బ్యాండ్ మాత్రం ఒకే వరసలో పాడదు. ఒకరు పైన, ఒకరు కింద, మధ్యలో ఇంకొకరు. అయినా ఆ పేరులోని నిరాడంబరత వీళ్లకి నప్పింది.

రేడియో సెషన్ అంటే ఏమిటి

‘సెషన్’ అంటే చాలామంది లైవ్ ప్రసారం అనుకుంటారు. ఎక్కువగా అలా ఉండేది కాదు. బ్యాండ్ మధ్యాహ్నం బీబీసీ స్టూడియోకి వెళ్లేది. మైదా వేల్ అందులో పేరున్నది. 1909లో రోలర్ స్కేటింగ్ కోసం కట్టిన భవనం అది, 1930ల్లో బీబీసీ దాన్ని స్టూడియోలుగా మార్చుకుంది. సామాను దింపి, మైకులు పెట్టి, సాయంత్రానికల్లా నాలుగైదు పాటలు రికార్డు చేసి, అదే రోజు రాత్రికి మిక్సింగ్ కూడా ముగించేవాళ్లు. ప్రసారం కొన్ని రోజుల తర్వాతో, వారాల తర్వాతో. రెండో గొంతు చేర్చడానికో, చిన్న గిటార్ ముక్క కలపడానికో టైం ఉండేది తప్ప, వారాల తరబడి చెక్కడానికి వీలు లేదు.

ఇంత కష్టం ఎందుకు, రికార్డే వేసెయ్యొచ్చు కదా అంటే, అప్పట్లో కుదిరేది కాదు. రికార్డు కంపెనీల సంఘంతో, వాద్యకారుల యూనియన్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం బీబీసీ రోజుకి ఇన్ని గంటలకి మించి రికార్డులు వేయకూడదు. దాన్ని ‘నీడిల్ టైం’ అనేవాళ్లు. మిగతా సమయం మనుషులు పాడించి నింపాలి. 1967లో రేడియో 1 మొదలైనప్పుడూ ఈ నిబంధన ఉంది, 1988 దాకా పోలేదు. జాన్ పీల్, బాబ్ హారిస్ లాంటి వ్యాఖ్యాతల కార్యక్రమాలకి వందల కొద్దీ బ్యాండ్లు వచ్చి పాడటానికి ఇదే కారణం. ఆడిషన్‌లో నెగ్గి గ్రేడు తెచ్చుకుంటేనే ఆకాశవాణిలో పాడనిచ్చే పద్ధతి మనకి తెలిసిందే. బీబీసీలోనూ ఆ రోజుల్లో కొత్త బ్యాండ్‌ని విని ఒప్పుకోవడానికి ఒక కమిటీ ఉండేది.

సెషన్‌కీ కచేరీకీ తేడా ఉంది. లండన్ లోయర్ రీజెంట్ స్ట్రీట్‌లో ప్యారిస్ థియేటర్ అని పాత సినిమా హాలు ఉండేది. అక్కడ కొన్ని వందల మంది ముందు పాడించి ‘ఇన్ కాన్సర్ట్’ పేరుతో ప్రసారం చేసేవాళ్లు. కచేరీలో చప్పట్లు, పాటల మధ్య మాటలు, ఊపు ఉంటాయి. సెషన్‌లో నిశ్శబ్దం ఉంటుంది, గొంతులు దగ్గరగా వినిపిస్తాయి. రెండూ దొరికితే, మెత్తగా పాడే బ్యాండ్‌కి నేను సెషన్‌నే ఎంచుకుంటాను. గట్టిగా వాయించే బ్యాండ్‌కైతే కచేరీ.

ఆల్బమ్‌లో ఉన్నది, రేడియోలో లేనిది

‘ఇన్ సెర్చ్ ఆఫ్ అమీలియా ఎర్‌హార్ట్’ 1972లో ఎలెక్ట్రా కంపెనీ విడుదల చేసింది. నిర్మాత శాండీ రోబర్టన్. అమీలియా ఎర్‌హార్ట్ అమెరికన్ విమాన చోదకురాలు. ప్రపంచం చుట్టూ తిరిగే ప్రయాణంలో, నావిగేటర్ ఫ్రెడ్ నూనన్‌తో కలిసి 1937 జులై 2న పసిఫిక్ మీద మాయమైపోయింది. అదే ప్రయాణంలో, అంతకు రెండు వారాల ముందు, ఆమె విమానం కలకత్తా డమ్ డమ్‌లో కూడా దిగింది. 1966లో ఫ్రెడ్ గోర్నర్ అనే రేడియో పాత్రికేయుడు ఆమె గురించి ఒక పుస్తకం రాశాడు. ఆమె సముద్రంలో పడి చనిపోలేదని, సైపాన్ దీవిలో జపాన్ వాళ్లకి చిక్కిందని అతని వాదన. అది రుజువు కాలేదు. కానీ మాథ్యూస్‌ని ఆ పుస్తకం పట్టుకుంది.

ఆల్బమ్‌లో ఈ కథ ఎలా ఉందంటే, ముందు రెడ్ రివర్ డేవ్ అనే అమెరికన్ గాయకుడు 1930ల చివర్లో రాసిన పాట వస్తుంది. ఆమె ఆఖరి ప్రయాణం గురించి అప్పటి జనం నమ్మినట్టే ఉన్న పాట. దాని వెంటనే, దేహం వదిలి ఎగిరిపోతానని చెప్పే ఒక పాత క్రైస్తవ భక్తి గీతం. ఆ తర్వాత మాథ్యూస్ రాసిన సొంత పాట. మొదటి పాట చెప్పింది నిజమేనా అని ఇది అడుగుతుంది. మూడూ వరసగా వింటే, మధ్యలో ఉన్న భక్తి గీతం కూడా ఆమె గురించే అనిపిస్తుంది. ఆ పాటకి ఆమెతో ఏ సంబంధమూ లేదు. చోటే ఆ అర్థాన్ని ఇచ్చింది. రేడియో సెషన్ ఈ పని చెయ్యలేదు. అక్కడ పాటలు విడివిడిగా, మధ్యలో వ్యాఖ్యాత మాటలతో వినిపించేవి. డిస్కుగా వచ్చినప్పుడు కూడా వేర్వేరు రోజుల పాటలు పక్కపక్కన చేరతాయి. అందుకే కథ కోసం వినేవాళ్లకి ఆల్బమ్‌కి బదులు ఇంకోటి లేదు.

ఆల్బమ్‌లో మిగతా ఎంపిక కూడా బాగుంటుంది. పాల్ సీబెల్ రాసిన ‘లూయిస్’ ఉంది. చివర్లో జూడీ హెన్స్కీ, జెర్రీ యెస్టర్ రాసిన ‘రైడర్’ ఉంది. ఆ చివరి పాటలో గొంతులు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయే తీరు కోసమైనా ఈ ఆల్బమ్ ఒకసారి వినాలి. లారీ డ్రైవర్ల పాట ఒకటి, యో-యో ఆటగాడి పాట ఒకటి కూడా ఉన్నాయి. అవి నాకు అంత ముఖ్యమనిపించవు. సరదాగా ఉంటాయి, అంతే.

ఇక డ్రమ్స్ సంగతి. బ్యాండ్‌లో డ్రమ్మర్ లేడని చెప్పాను కదా. ఆల్బమ్ కోసం బయటి నుంచి పిలిపించారు. టిమీ డోనాల్డ్ బాగానే వాయించాడు, తప్పు పట్టేదేమీ లేదు. అయితే ఆ తాళం చేరగానే కొన్ని పాటలు మామూలు 1972 నాటి రాక్ రికార్డులా వినిపిస్తాయి. వీళ్ల ప్రత్యేకత కొంచెం వెనక్కి వెళ్తుంది.

రేడియో సెషన్లలో ఆ ప్రత్యేకత ముందుంటుంది. గిటార్ తీగల మీద వేలి గోరు తగిలే చప్పుడు, పాట మొదలయ్యే ముందు తీసుకున్న ఊపిరి, ఒక పదాన్ని అందరూ ఒకేసారి వదలడం, ఇవన్నీ దగ్గర నుంచి వినపడతాయి. మాథ్యూస్ గొంతు సన్నగా, తేలిగ్గా ఉంటుంది. రాబర్ట్స్ గొంతు కాస్త మట్టిగా, మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఈ రెండూ కలిసినప్పుడు ఎవరిది ఎవరిదో విడదీసి వినడం ఆల్బమ్‌లో కష్టం, రేడియోలో తేలిక. టైం లేకపోవడం వల్ల చిన్న లోపాలు కూడా ఉండిపోయాయి. నాకు అవి అడ్డం రాలేదు. స్టూడియో శుభ్రత లేకపోతే వినలేని చెవులు ఉన్నవాళ్లు మాత్రం ఆల్బమ్ దగ్గరే ఉండటం మంచిది.

ఇంకో లాభం, ఆల్బమ్‌లో చోటు దొరకని పాటలు కూడా వీళ్లు రేడియోలో పాడారు. ఒక బ్యాండ్ తమ పాటల పక్కన ఇతరుల పాటలు ఏవి ఎంచుకుందో తెలిస్తే వాళ్ల ఇష్టాలు తెలుస్తాయి. ప్లెయిన్‌సాంగ్ లాంటి, ఎక్కువగా ఇతరుల పాటలనే తమవిగా చేసుకున్న బ్యాండ్ విషయంలో ఇది చాలా విలువైనది.

విడుదల కాని రెండో ఆల్బమ్

1972 చివర్లో రొంగా వెళ్లిపోయాడు. మిగిలిన ముగ్గురూ కలిసి రెండో ఆల్బమ్ రికార్డు చేశారు. ‘ఇప్పుడు మేం ముగ్గురం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అది బయటికి రాకముందే బ్యాండ్ విడిపోయింది. మాథ్యూస్ లాస్ ఏంజెలెస్ వెళ్లి, మైకేల్ నెస్మిత్ నిర్మాతగా 1973లో ‘వ్యాలీ హై’ చేశాడు. ఆగిపోయిన ఆల్బమ్‌లోని ‘కీప్ ఆన్ సెయిలింగ్’, ‘సేవ్ యువర్ సారోస్’ లాంటి పాటలు అందులో కొత్తగా వచ్చాయి. రాబర్ట్స్ తన వాటా పాటలు కొన్ని అదే ఏడాది ‘అర్బన్ కౌబాయ్’ ఆల్బమ్‌లోకి తీసుకెళ్లాడు. అతనే తర్వాత 1981లో పింక్ ఫ్లాయిడ్ ‘ది వాల్’ ప్రదర్శనల్లో అదనపు గిటారిస్టుగా వాయించాడు.

అందుకే ఈ రెండో ఆల్బమ్‌ని ముందే వింటే, రెండు దారులుగా చీలిపోతున్న వాళ్ల పాటల్లా ఉంటుంది. ఏది ఎటు పోయిందో తెలిశాక వింటే అసలు రుచి తెలుస్తుంది. చివరికి పెట్టమన్నది ఇందుకే.

కొనేటప్పుడు

బీబీసీ రికార్డింగులు ‘ఆన్ ఎయిర్’ పేరుతో 1992లో డిస్కుగా వచ్చాయి. 2005లో మొదటి ఆల్బమ్, ఆగిపోయిన రెండోది కలిపి రెండు డిస్కుల సెట్‌గా వేశారు. ఆ తర్వాత 1972 రికార్డింగులన్నీ పోగుచేసిన ఆరు డిస్కుల ‘ఫాలోయింగ్ అమీలియా’ సెట్ కూడా వచ్చింది.

కొత్తగా వినేవాళ్లకి ఆరు డిస్కుల సెట్ వద్దంటాను. అందులో ఒకే పాట మూడు నాలుగు రూపాల్లో వస్తుంటే, పాట మీద ఇష్టం ఏర్పడకముందే తేడాలు వెతకాల్సి వస్తుంది. ముందు ఆ పాటలు నోటికి రావాలి, తర్వాత ఆ సెట్ బంగారం. రెండు డిస్కుల సెట్ మధ్యే దారి. సెషన్ల కోసమైతే సెకండ్ హ్యాండ్‌లో ‘ఆన్ ఎయిర్’ దొరికిందంటే వదలొద్దు. మన దగ్గర షాపుల్లో ఇవి దొరకవు, ఆన్‌లైన్లో విదేశాల నుంచి తెప్పించుకోవాలి. కొనే ముందు స్ట్రీమింగ్‌లో ఏముందో వెతికి, ఒకటి రెండు పాటలు వినండి.

జాగ్రత్త పడాల్సింది బూట్‌లెగ్‌ల దగ్గర, అంటే అనుమతి లేని దొంగ డిస్కుల దగ్గర. బీబీసీ ఆ రోజుల్లో చాలా టేపులు చెరిపేసి మళ్లీ వాడుకుంది. అందువల్ల కొన్ని ప్రసారాలు, ఇంట్లో కూర్చుని రేడియో పక్కన టేప్ రికార్డర్ పెట్టుకున్న శ్రోతల పుణ్యాన మాత్రమే మిగిలాయి. అలాంటి టేపులకి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ వాటిని అనుమతి లేకుండా డిస్కులు కొట్టి ‘అసలు బీబీసీ మాస్టర్’ (మూల టేపు) అని అమ్మేవాళ్లు ఉన్నారు. ఒకసారి ఆన్‌లైన్లో ఒక అమ్మకందారు దగ్గర 1972 నాటి రేడియో పాటలంటూ ఒక డిస్కు కొన్నాను. పెట్టగానే గొంతులు సన్నగా, తొందర తొందరగా వినిపించాయి. గిటార్ తీసుకుని పక్కన వాయిస్తే అర స్వరం పైకి ఉంది. అంటే టేపు దాదాపు ఆరు శాతం ఎక్కువ స్పీడుతో తిరిగిందన్నమాట. మంచి హార్మొనీని, అంటే గొంతుల కలయికని, పాడుచెయ్యడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. డబ్బు పోయిన దానికన్నా ఆ పాటలు అలా విన్నందుకు ఎక్కువ బాధపడ్డాను.

పోల్చి చూసుకోవడానికి రెండు గుర్తులు. మీడియం వేవ్‌లో పట్టిన టేపైతే పై స్వరాలు కోసేసినట్టు ఉంటాయి, గిటార్ తీగల మెరుపు ఉండదు, శబ్దం మధ్య మధ్యలో తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. ఎఫ్ఎంలో పట్టినదైతే చాలా మెరుగు. 1970ల మొదట్లో రాత్రిపూట ‘సౌండ్స్ ఆఫ్ ది సెవెంటీస్’ లాంటి కార్యక్రమాలు ఎఫ్ఎంలో స్టీరియోగా కూడా వచ్చేవి. అధికారిక డిస్కు మీద బీబీసీ లైసెన్సు గురించి స్పష్టంగా రాసి ఉంటుంది. ఆ మాట కనిపించకపోతే ఆలోచించండి.

మీకు కావాల్సింది ఇది కాకపోతే

కంట్రీ రాక్ అనగానే పెడల్ స్టీల్ గిటార్ (పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జార్చుతూ వాయించేది) జారుడు శబ్దమే మీకు గుర్తొస్తుంటే, ప్లెయిన్‌సాంగ్ కన్నా ముందు మాథ్యూస్ సదర్న్ కంఫర్ట్ వినండి. అందులో గోర్డన్ హంట్లీ ఆ స్టీల్ గిటార్ వాయించాడు. ఎల్టన్ జాన్ ‘కంట్రీ కంఫర్ట్’ పాటలో స్టీల్ కూడా అతనిదే. మాథ్యూస్ సదర్న్ కంఫర్ట్‌ని 1970లో వచ్చిన ‘సెకండ్ స్ప్రింగ్’ ఆల్బమ్‌తో మొదలుపెట్టొచ్చు. బర్డ్స్ తరహా పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ గిటార్ మోత కావాలంటే స్టారీ ఐడ్ అండ్ లాఫింగ్ అనే ఇంకో ఇంగ్లిష్ బ్యాండ్ ఉంది. 1974, 1975 సంవత్సరాల్లో సీబీఎస్ రికార్డు కంపెనీకి రెండు ఆల్బమ్‌లు చేశారు. పబ్బుల్లో చెమటలు పట్టేలా వాయించే రకం కావాలంటే నిక్ లో అనే గాయకుడు పాడిన బ్రిన్స్‌లీ ష్వార్జ్ బ్యాండ్ ఉంది.

ప్లెయిన్‌సాంగ్ నచ్చినవాళ్లు తర్వాత ఎటు వెళ్లాలంటే, 1992లో మాథ్యూస్, రాబర్ట్స్ మళ్లీ కలిసి చేసిన ‘డార్క్ సైడ్ ఆఫ్ ది రూమ్’ ఉంది, మంచిదే. కానీ నేను ముందు ‘వ్యాలీ హై’ వైపు పంపుతాను. అందులో స్టీవ్ యంగ్ రాసిన ‘సెవెన్ బ్రిడ్జెస్ రోడ్’ ఉంది. మాథ్యూస్, నెస్మిత్ కలిసి దాన్ని గొంతుల మీద నడిపించిన తీరు వింటూ, ఆ తర్వాత ఈగల్స్ 1980లో వదిలిన లైవ్ ఆల్బమ్‌లో అదే పాట పెట్టి చూడండి. ఏడేళ్ల ముందు వచ్చిన ఈ రికార్డుకి అది ఎంత దగ్గరగా ఉందో మొదటి వరసలోనే తెలిసిపోతుంది.